కెప్టెన్ కుర్చీలో ఎవరు? ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ కాస్టింగ్ మీద ఒక కేస్ స్టడీ

1994 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలిస్‌లోని పారామౌంట్ స్టూడియోలో అంతరిక్ష ఓడ కథ చెప్పే టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ షూటింగ్ మొదలైంది. రెండో రోజు పూర్తికాకముందే లీడ్ నటి తప్పుకున్నారు. సెట్లు సిద్ధంగా ఉన్నాయి, మిగతా నటీనటులు కాస్ట్యూముల్లో ఉన్నారు, కొత్తగా పెట్టబోతున్న ఒక ఛానల్ మొదలయ్యేదే ఈ సిరీస్‌తో. కథంతా ఎవరి చుట్టూ తిరగాలో ఆ కెప్టెన్ మాత్రం లేరు.

కాస్టింగ్ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే కేసు ఇదే. తప్పుకున్న జెనెవీవ్ బ్యూజోల్డ్ ఆస్కార్‌కు నామినేట్ అయిన నటి. ఆమె స్థానంలో వచ్చిన కేట్ మల్‌గ్రూకి సినిమాల్లో అంత పేరు లేదు. అయినా 7 సీజన్లు, 172 ఎపిసోడ్లు మోసింది మల్‌గ్రూయే. అదే సిరీస్‌లో మూడేళ్ల తర్వాత మరో నటిని తెచ్చారు, అది ఇంకో రకం పాఠం. రెండు సందర్భాల్లోనూ నాకు కనపడేది ఒకటే. మనం ఆడిషన్‌లో పాత్రను పరీక్షిస్తాం, నటి సెట్‌లో చేసేది మాత్రం ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఆడిషన్‌లోనే చూపించకపోతే ఎంత గొప్ప ఎంపికైనా నిలబడదు.

పాత్ర వెనక ఉన్న బరువు

‘స్టార్ ట్రెక్’ అమెరికన్ టీవీలో 1966లో మొదలైంది. ఆడవాళ్లకు ముందు నుంచీ చోటు ఉంది, పగ్గాలు మాత్రం ఇవ్వలేదు. తొలి పైలట్‌లో, అంటే ఛానల్‌కు చూపించే నమూనా ఎపిసోడ్‌లో, కెప్టెన్ తర్వాతి స్థానం మేజెల్ బారెట్‌ది. ఎన్‌బీసీ ఛానల్ ఆ పైలట్ వద్దన్నాక ఆ పాత్రే పోయింది, ఆమె నర్స్ పాత్రలో తిరిగి వచ్చారు. ఓడలో సమాచార అధికారి ఉహురాగా వేసిన నిషెల్ నికోల్స్‌ను చూసి ఎందరో నల్లజాతి అమ్మాయిలు అంతరిక్షం గురించి కలలు కన్నారు. కానీ చాలా ఎపిసోడ్లలో ఆమెకు దక్కింది రెండు మూడు డైలాగులే. 1987లో వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’లో సెక్యూరిటీ ఆఫీసర్‌గా వేసిన డెనీస్ క్రాస్బీ మొదటి సీజన్‌లోనే బయటకు వచ్చేశారు. డాక్టర్‌గా వేసిన గేట్స్ మెక్‌ఫాడెన్‌ను రెండో సీజన్‌కు తీసేసి, మూడో సీజన్‌కు మళ్లీ పిలిచారు.

ఇంత చరిత్ర వెనకాల పెట్టుకుని ‘వాయేజర్’ సృష్టికర్తలు రిక్ బెర్మన్, మైకేల్ పిల్లర్, జెరీ టేలర్ ఈసారి కెప్టెన్ మహిళే అని రాసుకున్నారు. స్టూడియోకు భయం ఉంది, అందుకే ఆ పాత్రకు మగ నటులను కూడా ఆడిషన్ చేశారు. అంటే వచ్చే నటి బాగా చేస్తే సరిపోదు. ఆమె తడబడితే ఆ తప్పు ఆమె ఒక్కరి ఖాతాలో పడదు, ‘మహిళా కెప్టెన్ వర్కవుట్ కాలేదు’ అన్న మాట మిగిలిపోతుంది. కాస్టింగ్ టేబుల్ దగ్గర ఇలాంటి టెన్షన్ ఉన్నప్పుడు అందరి చూపూ పెద్ద పేరు వైపు వెళ్తుంది. పేరున్న నటి అయితే ఎవరూ మనల్ని తప్పు పట్టరన్న ధైర్యం అది.

బ్యూజోల్డ్: తప్పు ఎక్కడ జరిగింది

బ్యూజోల్డ్ కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టిన ఫ్రెంచ్ భాషా నటి. 1969లో వచ్చిన ‘ఆన్ ఆఫ్ ద థౌజండ్ డేస్’ సినిమాకు ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. ‘కోమా’, ‘డెడ్ రింగర్స్’ లాంటి సినిమాలు చేశారు. ఆమె బలం లోపలికి చూసుకునే నటన. గొంతు పెంచరు, ముఖంలో చిన్న కదలికతో పని కానిస్తారు. కెమెరా దగ్గరకు వచ్చి కూర్చుని ఓపిగ్గా చూస్తే అది అద్భుతంగా ఉంటుంది. కెప్టెన్ పేరు ఎలిజబెత్ జేన్‌వే అని ఉంటే, ఆమె కోరిక మీద నికోల్ జేన్‌వే అని మార్చారు. నిర్మాతలు ఆమెను ఎంతగా కావాలనుకున్నారో అక్కడే తెలుస్తోంది.

ఆమె చేసిన కొద్దిపాటి సీన్లు తర్వాత డీవీడీలో బయటకు వచ్చాయి. నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఆమె మీద గౌరవమే కలిగింది. కెప్టెన్‌గా ఆమె మెల్లగా, దాదాపు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్తారు. జుట్టు సాదాగా వదిలేశారు. ఒక సినిమాలో ఈ కెప్టెన్‌ను రెండు గంటలు చూడమంటే నేను ఇష్టంగా చూస్తాను. కానీ వాయేజర్ బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది, సెట్ వెడల్పుగా ఉంటుంది. ముందు పెద్ద తెర, చుట్టూ అధికారులు తమ తమ కన్సోళ్ల దగ్గర నిలబడి ఉంటారు. సగం షాట్లు వైడ్‌లోనే పోతాయి. అక్కడ మధ్య కుర్చీ దగ్గర నిలబడ్డ మనిషి నుంచి ఆజ్ఞ వెనక వరుస దాకా చేరాలి. క్లోజప్ కోసం దాచుకున్న నటన వైడ్ షాట్‌లో కనపడదు.

అయితే ఆమె వెళ్లిపోవడానికి అది ఒక్కటే కారణం కాదు. టీవీ సిరీస్ వేగం తన పద్ధతికి సరిపడదని ఆమెకు మొదటి రోజే అర్థమైంది. ఇలాంటి సిరీస్‌లో ఒక గంట ఎపిసోడ్‌ను వారం పైచిలుకు రోజుల్లో తీసేస్తారు. ఒకటి అయిన మర్నాడే ఇంకొకటి మొదలు. పూర్తి సీజన్ అంటే 26 ఎపిసోడ్లు, కాంట్రాక్టు ఏళ్ల తరబడి. రోజుకు పన్నెండు గంటలు దాటడం మామూలు, దానికి తోడు ప్రచారం, ఇంటర్వ్యూలు. సినిమాలో ఒక సీన్ గురించి దర్శకుడితో సగం పూట మాట్లాడుకునే అలవాటున్న నటికి ఇది ఊపిరాడని పని. ఆమె దాన్ని దాచుకోకుండా రెండో రోజే చెప్పేశారు. పదో ఎపిసోడ్ దగ్గర తెగతెంపులు అయి ఉంటే నష్టం ఎన్నో రెట్లు ఉండేది. ఆ నిజాయతీకి సిరీస్ ఆమెకు రుణపడి ఉందనే నేను అంటాను.

మరి కాస్టింగ్ వైపు లోపం? బ్యూజోల్డ్ టాలెంట్ ఎవరికీ కొత్తగా నిరూపించాల్సిన అవసరం లేదు. ఆమె ఈ పనిని, ఈ గంటలను, ఈ వేగాన్ని కోరుకుంటున్నారా లేదా అన్నదే తేల్చుకోవాల్సిన ప్రశ్న. దాన్ని షూటింగ్‌కు ముందే గట్టిగా అడిగి, కాల్‌షీట్ ముందు పెట్టి, ఒక రోజు పనిని చూపించి ఉండాల్సింది.

మల్‌గ్రూ: సీరియల్ చేసిన చేయి

బ్యూజోల్డ్ వెళ్లాక కెప్టెన్ లేని సీన్లు ముందుకు జరిపి యూనిట్ పని సాగించింది. ఆడిషన్లు మళ్లీ తెరిచారు. మల్‌గ్రూ అంతకుముందే న్యూయార్క్ నుంచి ఒక టేప్ ఇచ్చారు, అది ఆమెకే నచ్చలేదు. ఈసారి లాస్ ఏంజెలిస్‌లో నిర్మాతల ముందు నిలబడి చేశారు. పాత్ర పేరు కాథరిన్ జేన్‌వే అయింది.

మల్‌గ్రూ న్యూయార్క్‌లో స్టెల్లా ఆడ్లర్ దగ్గర నటన నేర్చుకున్నారు, నాటకాలు వేశారు. కానీ నా దృష్టిలో ఆమె బయోడేటాలో అసలు లైన్ వేరే ఉంది. 1975లో మొదలైన ‘ర్యాన్స్ హోప్’ అనే డైలీ సీరియల్‌లో ఆమె మేరీ ర్యాన్ పాత్ర చేశారు. వారానికి ఐదు రోజులు వచ్చే సీరియల్. రాత్రి పేజీలు వస్తాయి, పొద్దున్నే సెట్‌లో చెప్పాలి. ఆలోచించుకునే టైమ్ ఉండదు, అయినా ఆలోచించినట్టు కనపడాలి. ఆ తర్వాత ‘మిసెస్ కొలంబో’లో టైటిల్ పాత్ర చేశారు. సిరీస్ ఎక్కువ కాలం ఆడలేదు గానీ, ఒక షో మొత్తాన్ని భుజాన మోయడం ఎలా ఉంటుందో ఆమెకు తెలిసింది.

హైదరాబాద్‌లో సీరియళ్ల సెట్ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే రోజులో పెళ్లి సీన్, ఆసుపత్రి సీన్, అత్తగారితో గొడవ అన్నీ వరుస తప్పి తీస్తుంటే, పక్కన అసిస్టెంట్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే, కన్నడ నుంచి వచ్చిన అమ్మాయి తెలుగు డైలాగ్‌ను చెవితో పట్టుకుని కళ్లతో ఏడుస్తుంది. అది చిన్న విద్య కాదు. మన దగ్గర ‘సీరియల్ ఆర్టిస్టే కదా’ అని తేలిగ్గా తీసే మాట నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. సైన్స్ ఫిక్షన్‌కు కావాల్సిన కండ సరిగ్గా అక్కడే తయారవుతుంది.

ఎందుకంటే సైన్స్ ఫిక్షన్ డైలాగ్‌ను సొంత మాటల్లో చెప్పి తప్పించుకోలేరు. ప్రేమ సీన్‌లో మాట మర్చిపోతే భావంతో నెట్టుకురావచ్చు. ‘వార్ప్ కోర్’, ‘టాకియాన్’ అంటూ సాగే వాక్యంలో ఒక మాట జారితే సీన్ ఆగిపోతుంది. అది చెప్పేటప్పుడు ఎదురుగా ఏమీ ఉండదు. తెర మీద గ్రహాన్ని తర్వాత గ్రాఫిక్స్‌లో పెడతారు. ఓడ దెబ్బతిన్నదంటే కెమెరా ఊగుతుంది, నటీనటులంతా ఒకేసారి ఒకే వైపు ఒరగాలి. ఇవన్నీ చేస్తూ, ఇంటికి 75 ఏళ్ల ప్రయాణం దూరంలో చిక్కుకుపోయిన సిబ్బందికి నేనున్నాను అనే నమ్మకం ఇవ్వాలి.

మొదటి ఎపిసోడ్ ‘కేర్‌టేకర్’లో ఒక చిన్న సీన్ ఉంది, నేను దాన్ని క్లాసులో ఆపి ఆపి చూపిస్తాను. కొత్తగా చేరిన కుర్ర అధికారి హ్యారీ కిమ్ కెప్టెన్ గదిలోకి వచ్చి బిగుసుకుపోయి నిలబడతాడు. రిలాక్స్ అవ్వు, లేకపోతే ఎక్కడో నరం పట్టేస్తుందన్నట్టు ఆమె చిన్న చురక వేస్తారు. నియమం ప్రకారం అతను ‘సర్’ అంటాడు. ఆ పిలుపు తనకు నచ్చదంటారు. ‘మేడమ్’ అంటే, అవసరం పడితే సరే గానీ ‘కెప్టెన్’ అంటే బాగుంటుందని చెప్తారు. మల్‌గ్రూ ఇక్కడ ముందుకు వంగరు, నవ్వి బుజ్జగించరు. బొంగురు గొంతును కొంచెం కిందికి దించి, కళ్లలో మాత్రం సరదా ఉంచుతారు. ‘మహిళా కెప్టెన్ ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నకు నిమిషంలోపే జవాబు దొరికింది. కుర్రాడి భయం పోయింది, గౌరవం పోలేదు.

అయినా స్టూడియో కన్ను ఇంకో చోటే ఉంది. జుట్టు. ఆమె హెయిర్ స్టైల్ నచ్చలేదని కొన్ని సీన్లు మళ్లీ తీయించారు. ముందు సీజన్లలో ఆమె జుట్టు ముడి ఎన్నిసార్లు మారిందో చూడండి. ముందు వచ్చిన మగ కెప్టెన్లలో ఒకరికి బట్టతల, ఆయనతో సిరీస్ ఏడేళ్లు హాయిగా నడిచింది. లుక్ టెస్ట్ అంటే షూటింగ్‌కు ముందు తేల్చేయాల్సిన పని. అది సెట్‌లోకి వచ్చిందంటే ప్రతి ఉదయం నటి తన నటన గురించి కాకుండా తల గురించి ఆలోచించాల్సి వస్తుంది.

1995 జనవరి 16న యూపీఎన్ ఛానల్ మొదటి రాత్రే ‘వాయేజర్’ ప్రసారమైంది.

రోక్సాన్ డాసన్ గురించి ఒక మాట

కెప్టెన్ గురించి ఇంత మాట్లాడి ఇంజినీర్‌ను వదిలేస్తే అన్యాయం. బెలానా టోరెస్ పాత్ర సగం మనిషి, సగం క్లింగాన్ అనే గ్రహాంతర జాతి. రోక్సాన్ డాసన్ నుదుటి మీద గట్లలాంటి ప్రోస్థటిక్ మేకప్‌తో ఏడేళ్లు చేశారు. మొదటి సీజన్ ‘ఫేసెస్’ ఎపిసోడ్‌లో ఆ పాత్ర రెండుగా విడిపోతుంది, పూర్తి క్లింగాన్‌గా, పూర్తి మనిషిగా ఆమే రెండూ చేశారు. నాలుగో సీజన్‌లో ఆమె గర్భిణి. పాత్ర మాత్రం కాదు. ఇంజినీర్ కదా అని పనిముట్ల జేబులున్న పొడుగాటి కోటు తొడిగి కప్పేశారు. ‘ద కిల్లింగ్ గేమ్’ ఎపిసోడ్‌లో ఓడలోని హోలోడెక్ అనే కల్పిత లోకాల గదిలో నడిచే రెండో ప్రపంచ యుద్ధ కాలపు కథ రాసి, అందులో ఆమె పాత్రను గర్భిణిగానే చూపించారు. ఆమెను మార్చాలన్న ఆలోచన లేకుండా కథే ఒదిగింది. తర్వాత ఆమె అదే సిరీస్‌లో ఎపిసోడ్లు డైరెక్ట్ చేశారు, ఇప్పుడు ఆమె దర్శకురాలు. మంచి కాస్టింగ్‌ను కాపాడుకోవడమంటే ఇలాగే ఉంటుంది.

సెవెన్ ఆఫ్ నైన్: లాభం ఎవరిది, భారం ఎవరిది

మూడో సీజన్ అయ్యేసరికి వీక్షకులు తగ్గారు. 1997 సెప్టెంబర్‌లో నాలుగో సీజన్ మొదలవుతూనే జెరీ రయన్‌ను సెవెన్ ఆఫ్ నైన్‌గా తెచ్చారు. చిన్నప్పుడే బోర్గ్ అనే యంత్ర జాతి ఎత్తుకుపోయి తమలో కలిపేసుకున్న అమ్మాయి, మళ్లీ మనిషి కావడం నేర్చుకోవాలి. రయన్ మిస్ అమెరికా పోటీలో మూడో రన్నరప్, ‘డార్క్ స్కైస్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో చేసి ఉన్నారు. ఒంటికి అతుక్కుపోయే వెండి రంగు సూట్ వేయించారు. ఉద్దేశం అందరికీ తెలుసు.

ఆ సూట్‌ను దగ్గర నుంచి చూద్దాం. లోపల ఒంటిని బిగించి పట్టే కార్సెట్ ఉంటుంది. సాయం లేకుండా వేసుకోవడం, విప్పడం కుదరదు. మొదటి సూట్ కాలర్ మెడ దగ్గర ఎంత బిగుతుగా ఉందంటే, మెదడుకు రక్తం తీసుకెళ్లే రక్తనాళాన్ని నొక్కేసేది, ఆమె సెట్‌లో స్పృహ తప్పి పడిపోయారు. ఈ విషయం ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పారు. కాస్ట్యూమ్ టెస్ట్‌లో నటిని నిలబెట్టి ఫొటో తీస్తే సరిపోదు. ఆ బట్టలో కూర్చోబెట్టాలి, పరుగెత్తించాలి, అరిపించాలి, బాత్రూమ్‌కు వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ఆరోగ్యానికి సంబంధించిన ఈ ప్రశ్న అడగని కాస్టింగ్‌ను నేను ఒప్పుకోను.

ఇంత జరిగినా ఆ పాత్ర నిలబడింది, దానికి కారణం సూట్ కాదు. రయన్‌లో నటి ఉన్నారు. భావం కనపడనివ్వని ముఖంతో, వెనక్కి కట్టుకున్న చేతులతో, ఒకే ఎత్తులో పలికే గొంతుతో ఆమె లోపల ఏదో కదులుతోందని మనకు తెలియజేశారు. ‘ఇన్ఫినిట్ రిగ్రెస్’లో ఒకే ఎపిసోడ్‌లో పలు వ్యక్తిత్వాలుగా మారతారు. ‘బాడీ అండ్ సోల్’లో ఓడలోని హోలోగ్రామ్ డాక్టర్, అంటే కంప్యూటర్ సృష్టించిన మనిషి రూపం, ఆమె శరీరంలోకి చేరతాడు. అంటే రయన్ ఆ పాత్ర చేసే రాబర్ట్ పికార్డోలా ప్రవర్తించాలి. మొదటిసారి రుచి తెలిసిన డాక్టర్ చీజ్‌కేక్ తింటూ పరవశించే సీన్‌లో ఆమె కనుబొమలు, చేతులు, మాట విరుపు అన్నీ పికార్డోవే. ఎవరూ అడగకపోయినా అంత నటన ఆ ఎంపికలో దొరికింది. ప్రతిసారీ అలా దొరకదు.

భారం ఇద్దరి మీద పడింది. ఒకరు కెస్ పాత్ర చేసిన జెన్నిఫర్ లియెన్. కెస్ జాతికి ఆయుష్షు 9 ఏళ్లే, ఎంత లోతుకైనా తీసుకెళ్లగల ఆలోచన అది. రచయితలు దాన్ని సరిగా వాడుకోలేదు. సెవెన్ వచ్చిన రెండో ఎపిసోడ్ ‘ద గిఫ్ట్’లోనే కెస్‌ను పంపేశారు. 2000లో ‘ఫ్యూరీ’ కోసం మళ్లీ పిలిచి, అదే పాత్రను పగబట్టిన మనిషిగా చూపించారు. ఆ ఎపిసోడ్ నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో మనిషి మల్‌గ్రూ. మహిళా కెప్టెన్‌తో సిరీస్ తన కాళ్ల మీద తాను నిలబడుతుందని చూపించాలని ఆమె కష్టపడుతుంటే, గ్లామర్ కోసం ఇంకో నటిని తెచ్చారు. ఆ కోపం రయన్ మీదకు మళ్లింది, సెట్‌లో ఏళ్ల తరబడి ఇబ్బందిగా ఉంది. అది తన వైపు నుంచి జరిగిన తప్పని మల్‌గ్రూ తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు గొప్పది. కానీ ఇద్దరు నటీమణుల గొడవగా ఈ కథను చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆఫీసులో ఉన్నారు, దాని వేడి మాత్రం సెట్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకు తగిలింది. తెర మీద చూస్తే సిరీస్‌లో అత్యుత్తమమైన సీన్లు ఈ ఇద్దరి మధ్యవే, అది వాళ్ల వృత్తి నిబద్ధత.

ఇదే కాలంలో నడిచిన ‘బాబిలాన్ 5’ అనే మరో అంతరిక్ష సిరీస్, నటి మధ్యలో మారే సమస్యను ఇంకోలా ఎదుర్కొంది. రచయిత స్ట్రాజిన్‌స్కీ ఎవరు మధ్యలో వెళ్లిపోయినా కథ ఆగకుండా ప్రతి ముఖ్య పాత్రకూ ముందే ఒక దొంగదారి పెట్టుకున్నాడు. ఆండ్రియా థాంప్సన్ రెండో సీజన్‌లో వెళ్లిపోతే, పైలట్‌లో చేసిన ప్యాట్రీషియా టాల్‌మన్ పాత్ర తిరిగి వచ్చి ఆ చోటు నింపింది. నాలుగో సీజన్ తర్వాత క్లాడియా క్రిస్టియన్ వెళ్తే ట్రేసీ స్కాగిన్స్ కొత్త కమాండర్‌గా వచ్చారు. మన సీరియళ్లలో హీరోయిన్ మారితే ‘ఇకపై ఈ పాత్రలో’ అని ఒక బోర్డు వేసి ముందుకు పోతాం. ముఖం మారినా పాత్ర పేరు అదే. ఆ పద్ధతికి ప్రేక్షకులు అలవాటు పడ్డారు గానీ, వెళ్లిన నటి ఇచ్చిందంతా ఆ బోర్డు కింద పోతుంది.

ఈ కేసును నేను వాడుకునే తీరు

లీడ్ పాత్రకు వచ్చే నటికి నేను ఏడుపు సీన్ ఒక్కటే ఇవ్వను. నోరు తిరగని సాంకేతిక డైలాగ్ ఒక పేజీ ఇస్తాను, చదువుకోవడానికి కొద్దిసేపే ఇస్తాను. ఎదురుగా మనిషి లేకుండా గోడకు అతికించిన టేపు ముక్కను చూస్తూ చెప్పమంటాను. తర్వాత టీ తాగించి, చాలాసేపు కూర్చోబెట్టి, సాయంత్రం మళ్లీ అదే సీన్ వైడ్‌లో తీస్తాను. పొద్దున బాగా చేసి సాయంత్రానికి వాడిపోయేవాళ్లు ఉంటారు. పొద్దున మామూలుగా చేసి, అలసిపోయాక పాత్ర లోపలికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకాన్ని ఒక్క టేక్ ఆడిషన్‌లో ఎప్పటికీ పట్టుకోలేం.

కాంట్రాక్టు మాట్లాడే ముందు నిజమైన కాల్‌షీట్ ఒకటి చేతిలో పెడతాను. వారంలో ఎన్ని రోజులు, ఎన్ని గంటలకు పికప్, మేకప్‌కు ఎంతసేపు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఎలా కుదురుతుంది, అన్నీ మాట్లాడుకుంటాం. ‘ఇది నాకు కుదరదు’ అని ఆ టేబుల్ దగ్గరే చెప్పిన నటిని నేను మర్చిపోను, వేరే రకం పని వచ్చినప్పుడు మొదటి ఫోన్ ఆమెకే.

నడుస్తున్న సిరీస్‌లోకి కొత్త నటిని తెచ్చేటప్పుడు ఇంకో పని ఉంటుంది. ప్రెస్‌నోట్‌కు ముందే, ఛానల్ ప్రోమోకు ముందే, ఇప్పటికే లీడ్‌గా ఉన్న నటిని ఆఫీసుకు పిలిచి, కొత్త పాత్ర ఎందుకు వస్తోందో, ఆమె సీన్లు ఎన్ని తగ్గుతాయో, ఎన్ని పెరుగుతాయో స్క్రిప్టు చూపించి మాట్లాడమని నిర్మాతను అడుగుతాను. ఆ సమావేశం అయిన తర్వాతే కొత్త నటికి లుక్ టెస్ట్ డేట్ ఇస్తాను. నిర్మాతలు కొందరు దీన్ని ఆలస్యం అంటారు. వాళ్లకు జెరీ రయన్ ఇంటర్వ్యూలు చూడమని చెప్తాను.